పదిహేడు మీటలు

నాలుగో చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడిపిస్తున్నాను. బల్ల మీద కంప్యూటరు తెర మధ్యలోకి మళ్ళీ ఆ నీలం పెట్టె వచ్చి నిలబడింది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే ఎక్కించుకుంటారా, తర్వాతా అని. 'వద్దు' అనే మాట అందులో లేదు. నెల రోజులుగా రోజుకి రెండుసార్లు 'తర్వాత' నొక్కుతున్నాను. ఇస్త్రీపెట్టెని నిలబెట్టి, వెళ్ళి ఇంకోసారి నొక్కి వచ్చి, చొక్కా చేతుల సంగతి పట్టుకున్నాను.

"ఇంకా దానితో కుస్తీ పడుతూనే ఉన్నావా?" అన్నారు మా ఆయన, బనీనుతో వచ్చి చొక్కా కోసం చెయ్యి చాపుతూ. ఆయన ఫర్నిచర్ షాపులో మేనేజరు. ఎంత పెద్ద బీరువానైనా పావుగంటలో బిగించేస్తానని పేరు. "ఏముందందులో? నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోవడమేగా. ఆదివారం నేను కూర్చుంటాలే. నా అకౌంటుతో పెట్టేస్తే అన్నీ ఒక్కచోట ఉంటాయి. నా ఫోనూ, టీవీ, నీ కంప్యూటరూ."

"ఆదివారం దాకా ఆగండి, నేను చూస్తాను."

"నువ్వు చూసేదేంటి? చూసీ చూసీ దాన్ని ముసలిదాన్ని చేశావు."

సోఫాలోంచి అత్తయ్య, "పాటలు వినడానికి ఇన్ని ఏర్పాట్లెందుకో" అంది.

పాటలంటే నా ఉద్యోగం. డాక్టర్లు రోగిని చూశాక నోటితో చెప్పి రికార్డు చేసినవాటిని విని టైపు చేస్తాను. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతులు కీబోర్డు మీద, కుడికాలి కింద ఒక పెడల్. కాలు నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమతో తడితే నాలుగు సెకన్లు వెనక్కి వెళ్తుంది. ఒక్క మందు పేరు కోసం ఎనిమిదిసార్లు వెనక్కి వెళ్ళిన రోజులున్నాయి. చూసేవాళ్ళకి మాత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాలు ఆడించుకుంటున్న కోడలు కనిపిస్తుంది. అందుకని పాటలు. "పాటలయ్యాక ఆ ఆరిన బట్టలు తియ్యి." "పాటల మధ్యలో ఓసారి లేచి టీ పెట్టు." గంటలో ఎన్నిసార్లు లేస్తానో ఒకరోజు లెక్కపెడితే పదకొండు తేలింది. ఆ పదకొండుసార్లూ ఎవరో ఒక డాక్టరు వాక్యం మధ్యలో, ఊపిరితిత్తుల దగ్గరో కాలేయం దగ్గరో, నేను తిరిగి వచ్చేదాకా నోరు మెదపకుండా కూర్చుంటాడు. ఈ ఇంట్లో నా కోసం ఆగేవాడు ఆ మహానుభావుడొక్కడే అనుకుని నవ్వుకునేదాన్ని.

అసలు చిక్కు నెల కిందట మా సూపర్‌వైజరమ్మ పంపిన ఉత్తరంతో మొదలైంది. పాత సిస్టమ్‌కి ఇక రక్షణ ఉండదు, వచ్చే ఒకటో తారీఖు నుంచి పాత కంప్యూటర్ల మీద పని ఇవ్వం అని రాసింది. మార్చక తప్పదు. కానీ నా పెడల్ మా పెళ్ళికన్నా పాతది. కొత్త సిస్టమ్ దాన్ని గుర్తుపట్టకపోతే నా కాలు ఊరికే నేలని తొక్కినట్టే. అదొక భయం. రెండో భయం మా ఆయన చెప్పిన ఆ ఒక్కచోట.

ఆ ఒక్కచోట ఎలా ఉంటుందో మాకు తెలియనిది కాదు. ఆర్నెల్ల కిందట అత్తయ్యకి వీపు మీద దద్దుర్లు లేచాయి. చర్మం డాక్టరుకి చూపించడానికని మా ఆయన ఫోనుతో ఫొటో తీశారు. ఆయన ఫోనూ టీవీ ఒకే అకౌంటు. అత్తయ్య స్నేహితురాళ్ళు నలుగురు వచ్చి సోఫాలో కూర్చున్న సాయంత్రం, కాసేపు ఎవరూ ముట్టుకోకపోయేసరికి టీవీ తనంతట తానే ఫొటోలు చూపించడం మొదలుపెట్టింది. సముద్రం, మా పెళ్ళి, ఒక కొత్త డైనింగ్ టేబులు, ఆ తర్వాత గోడంత అత్తయ్య వీపు. రిమోట్ దొరకలేదు. అత్తయ్యే లేచి వెళ్ళి ప్లగ్గు పీకింది. "పోనీలేమ్మా, వీపేగా" అని నవ్వారు మా ఆయన. అత్తయ్య నాలుగు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. ఆయన మాత్రం ఏ ఒక్క సెట్టింగూ మార్చలేదు.

నాకు రోగుల మాటల భయం ఉంది. వాళ్ళ జబ్బులు నా చెవిలో పడి, నా వేళ్ళ మీదుగా వెళ్ళిపోవాలి గాని మా హాల్లో ఆగకూడదు. ఒక్క కాగితం బయటపడ్డా ఉద్యోగం పోతుంది. దానికన్నా లోపల ఇంకొకటుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. 'ప్రింటర్ సెట్టింగులు' అని ఒక ఫోల్డరు. మాకు ప్రింటరు లేదు. ఆ సంగతి మూడేళ్ళలో ఎవరికీ తట్టలేదు. అందులో మా ఇల్లు ఉంది. పనిలో అలవాటైన పద్ధతిలోనే, విన్నది విన్నట్టు, కామాతో సహా ఎక్కించాను. 'అత్తయ్య: ఉప్పు తక్కువైంది (విరామం) పర్లేదులే, మాకలవాటే.' 'ఆయన: నువ్వు అలసిపోయేంత పనేముంది ఇంట్లో (నవ్వు).' 'ఆడపడుచు, ఫోనులో: దానికేం, కాలు మీద కాలేసుకుని సంపాదిస్తోంది (తర్వాత మాటలు అస్పష్టం).' రాస్తుంటే కోపం రాదు. నిజం చెప్పొద్దూ, ఆనందంగా ఉంటుంది. మనసులో ముల్లులా గుచ్చుకునే మాట తెర మీదకి రాగానే బుద్ధిగా వరసలో నిలబడుతుంది. తప్పులుంటే దిద్దుకోవచ్చు, చదివి నవ్వుకోవచ్చు. మా ఊరి బడిలో ఒక్కటే కంప్యూటరు ఉండేది. దాని మీద కప్పే గుడ్డ ఉతకడం ఆడపిల్లల వంతు, మీట నొక్కడం మగపిల్లల వంతు. ఆ గుడ్డని ఎన్నిసార్లు ఉతికానో. దాని కింద ఇలాంటిదొకటి చేసుకోవచ్చని అప్పుడెవరైనా చెప్పి ఉంటే!

నాలుగు వందల పేజీల ఆ ఫోల్డరు ఆదివారం మధ్యాహ్నానికి మా ఆయన ఫోనులోకి వెళ్ళబోతోంది. ఆయన నెక్స్ట్ కొట్టే వేగం నాకు తెలుసు.

నోట్‌బుక్కులో ఎదురెదురు పేజీల మీద రెండు ప్రశ్నలు రాసుకున్నాను. ఎడమవైపు: పని చేస్తుందా? కుడివైపు: చూస్తుందా? కూర కలుపుతూ, బట్టలు నానబెట్టి, దొరికిన సందులోనల్లా ఫోనులో కొత్త సిస్టమ్ నియమాలు చదివాను. అరవై ఎనిమిది పేజీలు. లైసెన్సు ఒప్పందం అంత శ్రద్ధగా చదివిన మనిషి ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నేనుండే చోటు అది గుర్తుపెట్టుకుంటుందట. టైపు చేసేదాంట్లో కొంత తీసుకుని నేర్చుకుంటుందట. నా ఫైళ్ళని నా మేలు కోరి ఎక్కడో దూరంగా దాచిపెడుతుందట. చదువుతుంటే ఎక్కడో విన్న గొంతులా అనిపించింది. మా ఇంట్లో కూడా అన్నీ నా మేలు కోరే జరుగుతాయి.

శుక్రవారం పెడల్ కంపెనీకి ఫోను చేశాను. ఒకావిడ ఎత్తింది. మోడల్ నంబరు చదివితే, "అమ్మో, ఇంకా పని చేస్తోందా అది?" అంది.

"రోజుకి ఏడు గంటలు చేస్తోందండీ."

"మీ కాలికి దండం పెట్టాలి. ఉండండి చూస్తాను." అవతల చంటిపిల్ల ఏడుపు వినిపించింది. తర్వాత ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "పాలు పొంగుతున్నాయి, ఎవరైనా స్టవ్ కట్టెయ్యండి! నేను ఫోనులో ఉన్నాను!" అని అరిచింది. చెయ్యి అడ్డం పెట్టినా వినగలగడమే నా వృత్తి.

"వెళ్ళి కట్టేసి రండి. నేను లైనులోనే ఉంటాను" అన్నాను.

"మీరూ ఇంట్లోంచేనా?" అంది.

"ఇంట్లోంచే."

వెళ్ళి వచ్చింది. ఇద్దరం అకారణంగా నవ్వుకున్నాం. పెడల్‌ని కొత్త సిస్టమ్ గుర్తుపట్టేలా చేసే డ్రైవరు అనే చిన్న ప్రోగ్రామ్ ఉందనీ, దాన్ని ముందే దించి ఒక పెన్ డ్రైవులో పెట్టుకోమనీ, సిస్టమ్ మార్చేటప్పుడు ఇంటర్నెట్ తీసేయమనీ చెప్పింది. "అకౌంటు అడుగుతుంది. కంగారు పడకండి. కింద చిన్న అక్షరాలతో ఒక వరస ఉంటుంది, ఈ కంప్యూటరు వరకే అని. నెక్స్ట్ కొట్టేవాళ్ళకి అది కనపడదు. మీరు చదివే మనిషిలా ఉన్నారు."

ఎడమ పేజీలో పెద్ద అక్షరాలతో అవును అని రాసుకున్నాను.

ఆదివారం ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కుని తీసి పక్కన పెట్టి, ఇంటర్నెట్ తీసేసి కొత్త సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టాను. అది ఆఖరికి వచ్చాక టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. కప్పులతో తిరిగొచ్చి అత్తయ్య చేతికొకటి ఇచ్చి చూస్తే, నా కుర్చీలో మా ఆయన ఉన్నారు. పెడల్ని కాలితో పక్కకి తోసేసి, తెర మీద అకౌంటు గడిలో తన ఈమెయిలు సగం కొట్టేశారు.

"పది నిమిషాల్లో అయిపోద్ది. వారం రోజులు పంచాంగం చూశావు."

"లేవండి" అన్నాను.

నా గొంతు పెద్దగా ఏమీ లేదు. కానీ పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆయన్ని కూర్చోమన్నాను, తినమన్నాను, పడుకోమన్నాను గాని, లేవమనలేదు. ఆశ్చర్యంతోనే లేచినట్టున్నారు. లేచాక గుర్తొచ్చి, "ఏం?" అన్నారు.

"అది నా పేరుతో పెడతాను. ఈ కంప్యూటరు వరకే."

"నా దగ్గర నీకు దాపరికమేంటి?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. కుడి పేజీ నిండా దీనికి జవాబులు రాసుకున్నాను. ఒక్కటీ గుర్తురాలేదు. "స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టుకుంటారు కదండీ. లోపల ఏం దాస్తున్నారని ఎప్పుడైనా అడిగానా?"

సోఫాలో అత్తయ్యకి పొలమారింది. తాగుతున్న టీ అటూ ఇటూ అయ్యేలా దగ్గి, కొంగుతో మూతి తుడుచుకుని, "అడగలేదు. నేను సాక్షిని" అంది.

ఆయన అమ్మని చూశారు, నన్ను చూశారు. "ఇద్దరూ ఒకటైపోయారే" అని నవ్వబోయి, నవ్వు సగంలో ఆపుకుని, పేపరు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు.

నేను కూర్చున్నాను. ఆయన ఈమెయిలు ఒక్కొక్క అక్షరం చెరిపాను. కింద చిన్న అక్షరాల వరస నిజంగానే ఉంది. నొక్కాను. పేరు అడిగింది, నా పేరు కొట్టాను. యజమాని అని దాని పక్కన అదే రాసుకుంది. ఆ తర్వాత మీటలు వచ్చాయి, ఒకదాని కింద ఒకటి, పదిహేడు. నేనుండే చోటు చెప్పనా? అవును. నా మాట విననా? అవును. నా అలవాట్లు పంపనా? అవును. నన్నడక్కుండానే పదిహేడింటికీ అవును అని పెట్టేసి ఉంది. నాకు నవ్వాగలేదు. నన్ను కూడా ఈ ఇంట్లోకి ఇలాగే తెచ్చి పెట్టారు. అందరికన్నా ముందు లేస్తుందా, అవును. ఆఖర్న తింటుందా, అవును. పిలిస్తే వాక్యం మధ్యలో లేచి వస్తుందా, అవును. ఎవరిదీ పెద్ద దుర్మార్గం కాదు. వచ్చినప్పుడే అలా పెట్టి ఉంటే ఎవరూ విప్పి చూడరు, అంతే. మీటలు మార్చకూడదని మాత్రం ఎక్కడా రాసి లేదు. అరవై ఎనిమిది పేజీలూ చదివాను, నాకు తెలుసు. ఒక్కొక్కటీ కిందకి లాగాను. ఒక్కో మీటకీ చిన్న టిక్కుమనే చప్పుడు. పదిహేడోది లాగేసరికి వెన్ను నిటారుగా అయింది.

డ్రైవరు ఎక్కించి, పెడల్ని కాలితో దగ్గరికి లాక్కుని, ఊపిరి బిగబట్టి నొక్కాను. చెవిలో ఒక కళ్ళ డాక్టరు, ఏమీ జరగనట్టు, "కుడి కన్ను బాగానే ఉంది" అన్నాడు. ఇంత మంచి మాట ఎవరూ ఎప్పుడూ నాతో అనలేదు.

"ఏవండీ, రేపట్నుంచి పది నుంచి ఒంటిగంట వరకు నేను లేవను. టీ మీరు పెట్టుకోండి, అత్తయ్యకి కూడా" అన్నాను. పేపరు వెనకాల నుంచి ఏదో వినిపించింది. అస్పష్టం. రెండోసారి అడగలేదు.

అత్తయ్య మాత్రం లేచి వచ్చి నా కుర్చీ వెనకాల నిలబడింది. ఎప్పుడూ భుజం మీదుగా తెరలోకి తొంగిచూసే మనిషి, ఈసారి గోడవైపు చూస్తూ నిలబడింది.

"అమ్మాయ్, అందులో నాక్కూడా ఒకటి పెట్టవచ్చా?"

"ఏంటత్తయ్యా?"

"అదే. గడియ ఉన్నది."

నా అకౌంటు పక్కనే ఆవిడ పేరుతో ఒకటి తెరిచి, లేచి ఆవిడని నా కుర్చీలో కూర్చోబెట్టాను. పదిహేడు మీటలూ ఆవిడ చేతే కిందకి లాగించాను. ఒక్కటి కూడా వదల్లేదు. పాస్‌వర్డు దగ్గరికి వచ్చేసరికి, "నువ్వు అటు తిరుగు" అంది. తిరిగాను. ఒంటివేలితో కొట్టే చప్పుడు చాలాసేపు వింటూ నిలబడ్డాను. ఏం పెట్టుకుందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ తర్వాత ముప్పావుగంట ఆవిడ నా కుర్చీలోంచి కదల్లేదు. అక్షరం అక్షరం వెతుక్కుంటూ, ఒక్కోచోట ఆగి కళ్ళు మూసుకుంటూ, ఏదో కొడుతూనే ఉంది. మధ్యలో ఒకసారి తనలో తనే గట్టిగా నవ్వింది. ఆ నవ్వు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

"ఏం రాస్తున్నావమ్మా?" అని పేపరు దించి ఇటు రాబోయారు మా ఆయన. అత్తయ్య తెరకి అరచెయ్యి అడ్డం పెట్టి, దుకాణం మూశాక వచ్చిన బేరాన్ని చూసినట్టు ఆయన్ని చూసింది. ఆయన ఉన్నచోటే ఆగిపోయారు. నేను నేర్పినట్టే రెండు మీటలు కలిపి నొక్కి తెర మూసింది. మూసుకుందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుంది. పక్క వీధికి వెళ్ళినా, ఎక్కడికి వెళ్తోందో, ఎన్నింటికి వస్తుందో, కూర ఎక్కడ పెట్టిందో కొడుకుకి మూడుసార్లు అప్పజెప్పి గాని గడప దాటని మనిషి, జుట్టు సర్దుకుని, చెప్పులు వేసుకుని, మా ఇద్దరిలో ఎవరికీ ఒక్క మాట కూడా చెప్పకుండా వీధి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.