ఆర్గన్ మోగని శుక్రవారం

నేను ఒక ఉక్కు శ్రుతిదండాన్ని, ట్యూనింగ్ ఫోర్క్ అంటారే, అదే. వ్యాపారంలోకి దిగినప్పుడు నా చేతిలో ఉన్న సరుకు ఒక్కటే స్వరం. రెండో రకం లేదు, బేరం లేదు.

మొదట ఇంగ్లండులో ఒక కెథీడ్రల్‌లో, అంటే పెద్ద చర్చిలో, పాటకు స్వరమిచ్చే పని చేశాను. అక్కడి గాయకులు రోజూ సాయంత్రం నాలుగు గొంతుల వరసల్లో కీర్తనలు పాడేవారు. ఎదుట బల్లలన్నీ ఖాళీగా ఉన్నా పాడేవారు. కొనేవాడు రాకపోయినా వేళకు దుకాణం తెరిచే మనుషుల్ని అక్కడే చూశాను. తరవాత ఒక దొరగారి పెట్టెలో కృష్ణా తీరానికొచ్చి, ఇక్కడి కెథీడ్రల్‌లో అదే పనికి కుదిరాను. చేతులు మారి మారి గాయకబృందాన్ని నడిపే క్వయర్ మాస్టారు బర్నబాసు గారి జేబులో పడ్డాను.

గుడ్ ఫ్రైడే శోకదినం కాబట్టి ఆనాడు ఇక్కడ ఆర్గన్ వాద్యం మూసేస్తారు. ఆ రోజు పాటకు ఆధారం నేనే. ఆ ఏడు చర్చి కమిటీ సెక్రటరీ జయపాల్ గారు ముందే చెప్పేశారు: "మాస్టారూ, ఈసారి శ్రుతి జారిందంటే ఈస్టర్ నుంచి కీబోర్డూ స్పీకర్లే. మీ నాలుగు వరసలకు ఇక సెలవు."

నా భయం ఇంకా పెద్దది. మాస్టారికి చెవులు పోతున్నాయి. నన్ను మోకాలికి కొట్టి, చెవి వెనక ఎముకకు ఆనించుకుంటున్నారు. ఎముకలోంచి నేను వినిపిస్తాను. పాడేవాళ్ళు వినిపించరు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

పాట మొదలైంది. రెండో చరణానికే మగవాళ్ళ గొంతులు కిందికి జారి, మిగతావాళ్ళనూ లాక్కుపోయాయి. మాస్టారు చిరునవ్వుతో చెయ్యి ఊపుతున్నారు. ముందు బల్లలో జయపాల్ గారి కనుబొమలు లేచాయి. మాస్టారి గుప్పిట్లో నేను చెమటకు తడుస్తున్నాను. కొడితేగాని పలకని జాతి మాది.

చరణం ముగియగానే ఆడవాళ్ళ కిందిగొంతు వరస ఆల్టోలోంచి సలోమి అనే అమ్మాయి దిగివచ్చి, ఆయన గుప్పిట విప్పి నన్ను తీసుకుంది. బల్ల అంచుకు కొట్టి, అందరికీ వినబడేలా స్వరం అందుకుంది. గొంతులన్నీ మళ్ళీ పైకొచ్చి చివరిదాకా నిలబడ్డాయి.

ఆరాధన అయ్యాక మాస్టారు తల దించుకున్నారు. "ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

సలోమి ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "క్రిస్మస్ నుంచీ మాస్టారూ. తప్పు పాడినా తిట్టడం మానేశారుగా!"

పక్కనే ఉన్న జయపాల్ గారికి నవ్వాగలేదు. "శ్రుతి జారిన మాటా నిజమే, మళ్ళీ దొరికిన మాటా నిజమే. కీబోర్డు సంగతి తరవాత చూద్దాంలెండి. స్వరం మాత్రం ఇక ఈ అమ్మాయే ఇవ్వాలి."

సలోమి ఆ మాటనూ మాస్టారి చెవిలో వేసింది. మాస్టారు ఖాళీ జేబు తడుముకున్నారు. "మరి నేనెందుకే?"

"మీ చెయ్యి లేకపోతే ఎలాగండీ? దాన్ని చూసే గదా మేం ఊపిరి తీసుకునేది!"

ఇప్పుడు నేను సలోమి సంచిలో ఉంటున్నాను. లెక్క కడితే, మాస్టారి జేబు పోయింది, నాలుగు వరసలూ మిగిలాయి. వచ్చే గుడ్ ఫ్రైడే ఎలా గడుస్తుందోనన్న దిగులు పోలేదు. దాన్ని కూడా లాభంలోనే వేసుకున్నాను. దిగులు పడడానికి ఇంకో గుడ్ ఫ్రైడే ఉంది గదా.