మినీ ప్రాజెక్టు పేరున పుట్టిన మీటింగు

నేను ఒక వీడియో మీటింగు రికార్డింగును. ఫొటోలా గోడకి వేలాడను, పుస్తకంలా దుమ్ము పట్టను. తూకం వేస్తే గురిగింజంత కూడా తూగను. అంతమాత్రాన లేనని అనుకోకండి. లేనని ధీమాగా ఉన్న ఒక పెద్దమనిషికి ఏమైందో చెప్పడానికే నోరు విప్పాను. ఇవన్నీ నీకెలా తెలుసని అడుగుతారేమో, నాకున్నవి కళ్ళూ చెవులే కదా, ఇంకేం పని నాకు?

కరోనా రోజుల్లో, కాకినాడలో పద్మనిలయం అనే అపార్టుమెంటులో పుట్టాను. గుమ్మం దాటితే పోలీసులు, దాటకపోతే విసుగు. అపార్టుమెంటు సంఘం మీటింగులన్నీ ఫోన్లలోనే జరిగేవి. ఉచితంగా దొరికే మీటింగు నలభై నిమిషాలకి ఠక్కున ఆగిపోతుంది. మొదటిసారి ఆ కాస్త సమయమూ "వినబడుతోందాండీ?" "మీది మ్యూట్‌లో ఉందండీ" అనుకోవడానికే సరిపోయింది. డబ్బు కడితే ఆగదట గాని, కట్టడానికి ఒక్కరికీ చేతులు రాలేదు. అప్పుడు సంఘం కార్యదర్శి సత్తిబాబు గారు ఉపాయం చెప్పారు. వాళ్ళమ్మాయి హారిక ఇంజనీరింగు చదువుతోంది. కాలేజీ వాళ్ళిచ్చిన అకౌంటులో ఎంతసేపు వాగినా అడ్డు లేదు.

"మన పిల్లదే కదండీ, వాడేసుకుందాం" అన్నారాయన.

ఊరికే వస్తుందంటే ఎవరు కాదంటారు! హారిక కొత్త లింకు చెయ్యడానికి బద్ధకించి, స్నేహితురాళ్ళతో చదువుకోవడానికి పెట్టుకున్న పాత లింకునే నాన్న మొహాన పడేసింది. దాని పేరు 'మినీ ప్రాజెక్టు'. పుట్టింది అపార్టుమెంటు మీటింగులోనే అయినా నాకూ ఆ పేరే అంటుకుంది. అన్నప్రాసన నాడే ఆవకాయన్నట్టు, నా కష్టాలు పేరు దగ్గరే మొదలయ్యాయి.

రికార్డింగు ఎర్ర చుక్క వెలగగానే అందరూ ఒక్కసారి జుట్టు సవరించుకున్నారు. అప్పటిదాకా పప్పు రుబ్బుతున్నావిడ రోలు పక్కకి నెట్టింది. పేర్రాజు గారని, రిటైరైన ఆఫీసరు, రెండో అంతస్తులో ఉంటారు. ఆయన ఫోను ఎలా పట్టుకున్నారో గాని నుదురూ, పైన తిరిగే ఫ్యానూ తప్ప ఇంకేమీ కనబడలేదు. మీటింగంతా ఆ నుదురే మాట్లాడింది.

ఆ రోజు మాట్లాడాల్సిన విషయం నీలవేణిది. ఆమె జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. చిన్నప్పటి నుంచీ చక్రాల కుర్చీలోనే. అపార్టుమెంటు ముందు గుమ్మానికి నాలుగు మెట్లు ఉన్నాయి. ఆమె బయటికి వెళ్ళాలంటే వాచ్‌మనూ ఇంకొకరూ కలిసి కుర్చీతో సహా ఎత్తి దింపాలి.

"ఎత్తేవాళ్ళందరూ మంచోళ్ళేనండి, నేను కాదనను" అంది నీలవేణి. "కానీ కొత్తిమీర కట్ట కొనుక్కోవాలన్నా కింద ఎవరు ఖాళీగా ఉన్నారా అని చూసుకోవాలి. నేను మనిషినండి, గ్యాసు బండని కాదు. మెట్ల పక్కన ర్యాంపు వేయించండి. నా దారిన నేను పోతాను."

పేర్రాజు గారి నుదురు కదిలింది. వాస్తు విషయంలో ఆ అపార్టుమెంటుకి ఆయన మాటే వేదం. "ఈశాన్యం పల్లంగా ఉంటే ఇంటిల్లిపాదికీ కలిసొస్తుందండీ. ర్యాంపు అటే వాలుతుంది. శుభ్రంగా వేసేయొచ్చు. ఈ లాక్‌డౌను వెళ్ళగానే నేనే దగ్గరుండి వేయిస్తాను, మాటిస్తున్నాను" అన్నారు.

ఆ మాట పూర్తయ్యీ కాకుండానే వెనక నుంచి వాళ్ళావిడ వరహాలమ్మ గారి గొంతు ఖంగున మోగింది. "ఏవండీ! పనసకాయ సగం కొట్టి అక్కడ పడేసి ఎక్కడ కూర్చున్నారు? మిగతాది ఎవరు కొడతారు, మీ బాబా?"

"మీటింగులో ఉన్నానే!" అంది నుదురు. అందరూ పగలబడి నవ్వారు, ర్యాంపుకి సరేనని అందరూ చేతులెత్తారు. ఎవరో మినిట్స్ రాద్దామా అని అడిగితే సత్తిబాబు గారు, "రికార్డవుతోంది కదండీ, మళ్ళీ రాయడం దేనికి, చేతి నొప్పి!" అన్నారు. ఆ నమ్మకం నా మీద పెట్టినందుకు సంతోషమే. కానీ పుట్టినవాణ్ణి ఎక్కడ ఉంచుతున్నారో ఒక్కరూ చూసుకోలేదు.

నన్ను తీసుకెళ్ళి క్లౌడులో పడేశారు. మేఘం అంటారు గాని వాన లేదు, గాలి లేదు. హారిక సగం రాసి వదిలేసిన అసైన్‌మెంట్లూ, ఎవరిదో పెళ్ళిలో తీసుకున్న ఫొటోలూ నా ఇరుగుపొరుగు. నన్ను ఒక్కసారి కూడా ఎవరూ తెరవలేదు.

కింద లోకంలో కరోనా పోయింది గాని ర్యాంపు రాలేదు. ముందు ఆషాఢం అన్నారు, తరవాత మూఢం అన్నారు. ఆపైన పేర్రాజు గారు అధ్యక్షులయ్యారు. పెద్ద కారు కొన్నారు. సెల్లారు వాలులో దింపితే కింద గీసుకుపోతుందని, మెట్ల పక్కన, సరిగ్గా ర్యాంపు రావలసిన చోట పెట్టడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి వాస్తు మారిపోయింది. ఈశాన్యం బరువు మొయ్యకూడదు, అక్కడ సిమెంటు పోస్తే అరిష్టం అని చెప్పసాగారు. ఆ కారు మాత్రం దూదితో చేసింది కాబోలు.

నీలవేణి నిలదీసింది. "అందరూ ఒప్పుకున్నారు కదండీ, మీరే మాటిచ్చారు."

"నేనా? ఎప్పుడమ్మా? మినిట్స్ చూపించు."

"రికార్డింగుందండి."

"ఉంటే వచ్చే ఆదివారం జనరల్ బాడీలో చూపించు. నేనే దగ్గరుండి వేయిస్తాను. చూపించలేకపోయావా, ఇంక ర్యాంపు ఊసు ఎత్తకూడదు" అన్నారాయన, నేను లేనని గట్టి నమ్మకంతో. పైన నాకు ఒళ్ళు మండింది. నాకు ఒళ్ళు లేదు, అది వేరే సంగతి.

సత్తిబాబు గారు నన్ను వెతికిన తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సంఘం మెయిలులో వెతికారు. ఫోను గ్యాలరీలో మనవడి ఫొటోల మధ్య వెతికారు. 'జనరల్ బాడీ' అని కొట్టారు, 'ర్యాంపు' అని కొట్టారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కూతురి అకౌంటు తప్ప అన్నీ చూశారు. చివరికి నీరసపడి, "సర్దుకుపోమ్మా, ఎత్తడానికి మేమంతా లేమా?" అన్నారు.

"మీరుండబట్టే ఊరుకుంటున్నారండి అందరూ. మీరు లేని రోజున నేను ఇంట్లో పడుండాలి, అంతే కదా" అంది నీలవేణి. మళ్ళీ తనే, "ఆ రోజు మీటింగు ఎవరి అకౌంటు నుంచి పెట్టారు?" అని అడిగింది. సత్తిబాబు గారు నాలిక కరుచుకున్నారు.

హారిక చదువు ముగించి చెన్నైలో ఉద్యోగం చేస్తోంది. ఫోను చేస్తే గుండెల్లో రాయి పడే మాట చెప్పింది. చదువైపోయినవాళ్ళ అకౌంట్లు ఈ నెలాఖరుకి తీసేస్తామని కాలేజీ వాళ్ళు ఎప్పుడో చెప్పారట. నెలాఖరు శనివారమే. అంటే ఆదివారం మీటింగు నాటికి నేను నిజంగానే ఉండను! హారికకి పాస్‌వర్డు గుర్తులేదు. కొత్తది కావాలంటే ఓటీపీ పాత నంబరుకి వస్తుంది. ఆ పాత నంబరు పిఠాపురంలో వాళ్ళ అమ్మమ్మ దగ్గరుంది.

"అమ్మమ్మా, నీ ఫోనుకి నంబరొచ్చింది, చెప్పు."

"చెప్పను. ఎవరడిగినా చెప్పొద్దని టీవీలో రోజూ చెబుతున్నారు."

"నేను హారికనే అమ్మమ్మా!"

"వాళ్ళూ అలాగే అంటారంట."

నా ప్రాణం ఆ ముసలావిడ గుప్పిట్లో ఉంది. అయినా ఆవిడ మీద కోపం రాలేదు. మాట మీద నిలబడేవాళ్ళని చూసి ఎన్నాళ్ళయింది! చివరికి హారిక చిన్నప్పుడు మింగిన రూపాయి కాసు సంగతీ, అది బయటపడిన వైభోగమూ పూసగుచ్చినట్టు చెప్పాక గాని ఆవిడ నోరు పెగల్లేదు.

లోపలికి వచ్చాక కూడా హారిక నన్ను రెండుసార్లు దాటిపోయింది. మినీ ప్రాజెక్టే కదా అనుకుంది. తేదీ చూసి అనుమానమొచ్చి తెరిచింది. స్నేహితురాళ్ళ మొహాలు కనబడతాయనుకున్న చోట పేర్రాజు గారి నుదురు కనబడింది. "దొరికింది నాన్నా!" అని ఆ పిల్ల అరిచిన అరుపు నా జన్మకి చాలు. వెంటనే నన్ను నీలవేణికి పంపేసింది.

ఆదివారం సెల్లారులో గోడకి దుప్పటి కట్టి నన్ను ఆడించారు. నుదురు మాటిచ్చింది. కింద కుర్చీలో అదే నుదుటికి చెమట పట్టింది. కానీ పేర్రాజు గారు సామాన్యులు కారు. లేచి నిలబడి, "ఇది నేను కాదండీ. మొహమే లేదు కదా! ఈ రోజుల్లో కంప్యూటర్లు ఎవరి గొంతయినా చేసేస్తున్నాయి. ఇది ఏఐ" అన్నారు.

నన్నేమన్నా పడతాను. చెరిపేసినా పడతాను. పుట్టనే లేదంటే పడను. కానీ ఆ దుప్పటి మీద నాకు సొంత నోరు లేదు, ఉన్నదే మళ్ళీ చెప్పగలను గాని కొత్తగా ఒక్క ముక్క అనలేను. నీలవేణి నా తరఫున ఆ ముక్కనే ఇంకోసారి పెట్టింది. ఈసారి మాటిచ్చిన దగ్గర ఆపకుండా పెట్టింది. "ఏవండీ! పనసకాయ సగం కొట్టి అక్కడ పడేసి..."

ఆడవాళ్ళ వరసలోంచి వరహాలమ్మ గారు లేచారు. "ఆ గొంతు నాదేనండి. ఆ వేళ పనసపొట్టు కూర. సగం కాయ కొట్టి, మీటింగని నూనె చేతులతో పారిపోయారు. మిగతా సగం నేనే కొట్టుకున్నాను, చెయ్యి తెగింది కూడాను." మొగుడి వైపు తిరిగి, "ఏఐకి పనసకాయ కొట్టడం వచ్చేమో అడగండి, రేపటి నుంచి దాన్నే పెట్టుకుంటాను" అన్నారు.

సెల్లారు గొల్లుమంది. పేర్రాజు గారు కూర్చున్నారు. నుదురు తుడుచుకుని, "మాటిచ్చాను కాబట్టి వేయిస్తాను" అన్నారు. దగ్గరుండే వేయించారు, వాలు ఈశాన్యానికే.

సిమెంటు ఆరిన పొద్దున నీలవేణి గుమ్మంలోకి రాగానే వాచ్‌మన్ అలవాటు కొద్దీ పరిగెత్తుకొచ్చాడట. ఆమె చెయ్యి చూపించి ఆపింది. దిగింది. ఏ పనీ లేకపోయినా మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. ఆపైన సందు చివరికి వెళ్ళి కొత్తిమీర కట్ట కొనుక్కుని వచ్చింది.

పని అయిపోయింది కదా, జాగా దండగ, ఆ రికార్డింగు తీసేద్దామా అని సత్తిబాబు గారు అడిగారు. "ఉండనివ్వండి" అంది నీలవేణి. ఉన్నాను. పేరు కూడా మార్చలేదు. ఈమధ్య మీటింగుల్లో పేర్రాజు గారు నోరు తెరిచే ముందు "రికార్డవుతోందా?" అని అడుగుతున్నారట. అడగనివ్వండి.

ఆ పొద్దున ఆమె దిగడాన్ని మాత్రం ఎవరూ రికార్డు చెయ్యలేదు. చెయ్యనక్కర్లేదు. ర్యాంపు అక్కడే ఉంది. లేదనేవాళ్ళుంటే పద్మనిలయానికి వచ్చి, నీలవేణి కాలేజీకి బయల్దేరే వేళకి దానికి అడ్డంగా నిలబడి చెప్పమనండి.