బొగ్గుబాయి చల్లదనం

పొద్దున్నే శోభ మొదట చేసే పని కంప్యూటర్ పక్క రేకు ఊడదీయడం. దుమ్ము ఊది, టేబుల్ ఫ్యాన్ అటు తిప్పుతుంది. అయినా గంట తిరక్కుండానే డబ్బా పెనంలా కాలి, దానంతటదే ఆగిపోతుంది. భూపాలపల్లి కార్మికుల క్వార్టర్లో, ముందు గదిలో ఆమె నడిపే నెట్ సెంటర్‌కు ఉన్నది అదొక్కటే. సకల జనుల సమ్మెతో భర్త రామ్మోహన్ జీతం ఆగింది కాబట్టి ఇల్లూ దానిమీదే నడుస్తోంది.

ఆగినప్పుడల్లా రామ్మోహన్ వచ్చి దానిమీద చెయ్యి పెట్టేవాడు. ఇరవై ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగిన చెయ్యి. లోపలి చల్లదనం అందులోనే ఉండిపోయింది. ఎండాకాలం ఇరుగుపొరుగు పాలగిన్నెలు తెచ్చి ఆయన పక్కన పెట్టిపోతారు. శోభకు మాత్రం ఆ చెయ్యి తగిలితే ఒళ్లు జలదరిస్తుంది. పెళ్లయిన నాటినుంచీ చలికాలమంతా గోడవైపు తిరిగే పడుకుంటుంది.

బాయి దిగక ఇప్పుడా చల్లదనం తరుగుతోంది, వేడి వస్తువు పట్టుకుంటే ఇంకా తొందరగా. బాయి మూతి దగ్గర, కార్మికులను లోపలికి దించే మైనింగ్ సర్దార్ మాన్‌సింగ్ ఒక్కొక్కరి చెయ్యి పట్టి చూస్తాడు. వెచ్చగా ఉంటే లోపలికి దించడు, పైన సర్ఫేస్ పనికి వేస్తాడు. దానికి జీతం తక్కువ. అందుకే శోభ భర్తను కంప్యూటర్ ముట్టుకోనివ్వడం మానేసింది.

ఆ మధ్యాహ్నం తండా నుంచి జమున వచ్చింది. బస్సుల్లేవు, నడిచే వచ్చింది. నర్సింగ్ కాలేజీ ఎంచుకోవడానికి సాయంత్రమే ఆఖరు గడువు. సగంలో కంప్యూటర్ ఆగింది. చల్లారాక పెడితే మళ్లీ ఆగింది. మధ్యలో కరెంటూ పోయి వచ్చింది. బొగ్గు తవ్వేవాళ్లే ఇంట్లో కూర్చుంటే కరెంటు ఎక్కడిదని శోభ అలసటగా నవ్వి, రేపు రమ్మంది.

“రేపు సీటుంటదా అక్కా?” అంది జమున.

రామ్మోహన్ లేచి వచ్చాడు.

“జర ఆలోచన చెయ్యయ్యా. మాన్‌సింగన్న బాయి దిగనియ్యడు,” అంది శోభ.

“దిగనియ్యకుంటె మానె. ల్యాంపు రూముల దీపాలిచ్చుకుంట కూసుంట,” అని రెండు చేతులూ డబ్బాకు ఆనించాడు.

జమున పని ముగించుకుని, అచ్చు తీసిన కాగితం మడిచి కొంగున కట్టుకునేదాకా కంప్యూటర్ ఆగలేదు. చేతులు తీసేసరికి ఆయన నుదుట చెమట కారుతోంది.

సమ్మె ముగిసింది. మాన్‌సింగ్ ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. “గరమైంది గదనే,” అని ల్యాంపు రూముకు పంపాడు. ఆ నెల శోభ చీటీ మానేసింది. జమున నర్సింగ్‌లో చేరిందని కబురొచ్చింది.

చలి ముదిరింది. కంప్యూటర్ ఎప్పటిలాగే కాలుతోంది. ఒక తెల్లవారుజామున రామ్మోహన్ నిద్రలో శోభ మీద చెయ్యి వేశాడు. అలవాటుగా ముడుచుకుంది. కాసేపటికి గోడవైపు నుంచి ఇటు తిరిగింది.