మెట్ల మలుపు

కాలేబు మెట్ల మలుపులో నిలబడి కళ్లు మూసుకున్నాడు. భుజం గోడకానించి, ఒళ్లు మెల్లగా తిప్పాడు. ఏ బరువు ఎక్కించాలన్నా ముందు తానే ఆ బరువై ఎక్కి చూసుకోవడం అతని అలవాటు. నరసరావుపేటలో అతను ఎక్కని మేడ లేదు. కూర్చోమన్న మేడా లేదు.

కింద జత హమాలీ హనుమయ్య అగ్గిపెట్టెను ఎక్కించాల్సిన బీరువా అనుకుని పిడికిట్లో అటూ ఇటూ తిప్పుతున్నాడు. వాడి లెక్క అది. ఇంటాయన మురళీధర్ టేపు లాగాడు.

"పట్టుద్ది. రెండంగుళాలు మిగుల్తాయి కూడా. ఎక్కించండ్రా!"

"నిలువునా తిరగదయ్యా," అన్నాడు కాలేబు. "తలకిందులు చేస్తే తిరుగుద్ది. లేదంటే ఆ రెయిలింగన్నా విప్పించండి."

మురళీధర్ మొహం కందగడ్డయింది. పైగదిలో పెట్టాక చెయ్యాల్సిన పూజ, ముహూర్తం దాటిపోతుందని పొద్దున్నే కింద కానిచ్చేశారు. బీరువా నిండా పసుపు, బొట్లు.

"లక్ష్మీదేవిని తలకిందులు చేస్తావంట్రా? రెయిలింగు మొన్ననే పెట్టించా. నోర్మూసుకుని పట్టు!"

మురళీధర్‌ది కాలేబు కొడుకు వయసు.

"అమ్మోరు ఒరిగితే పాపం. మడిసి నలిగితే పర్లేదు. చానా బాగుంది."

"ఏంది గొణుగుతున్నావ్?"

"ఏం లేదయ్యా. మీ టేపులో నేనేడన్నా ఉన్నానా అని."

హనుమయ్య ఫక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నాడు. "కింద నేనుంటాలే బాబాయ్."

"నీకు మలుపు తెలవదురా. పైన పట్టు."

ఎత్తారు. మలుపులో బీరువా ఆగిపోయింది. గోడకీ ఇనుముకీ నడుమ మిగిలింది మురళీధర్ చెప్పిన రెండంగుళాలే. అందులో కాలేబు రొమ్ముంది.

"గోడ! గోడ! రంగు పోద్ది!"

కాలేబు తలగుడ్డ లాగి బీరువా వెనక అంచుకి తగిలించాడు. గోడకి గుడ్డ అడ్డం వచ్చింది. అతనికి ఏదీ అడ్డం రాలేదు. ఊపిరి బిగబట్టి ఒళ్లు మెలితిప్పాడు. లోపలెక్కడో పుటుక్కుమంది. బీరువా తిరిగింది.

నైరుతి మూలకి చేర్చారు. ఒక్క బొట్టు చెరగలేదు.

"పట్టిందా లేదా? నే చెప్పలా?" అన్నాడు మురళీధర్.

కాలేబు రెయిలింగు పట్టుకుని దిగి, వాకిట్లో బీరువా తెచ్చిన రిక్షా చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. హనుమయ్య పరుగున సోడా తెచ్చాడు.

"బాబాయ్, తాగు. బాబాయ్!"

ఇందాక మెట్లమీద మూసుకున్నట్టే కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒళ్లు మాత్రం తిరగలేదు.

"వచ్చేటప్పుడే నీరసంగా ఉన్నాడు," అని వీధిలోవాళ్లకి చెప్పి, మురళీధర్ గుమ్మం కడిగించాడు.

పైన బీరువా వెనక, గోడకీ ఇనుముకీ నడుమ, చెమటతడి ఆరని తలగుడ్డ అలాగే నలుగుతూ ఉంది.