తడిబట్టల తాలీము

ఎల్లారెడ్డిలో దర్జీ లింగానికి ఆ ఏడు ఒకటే పట్టుదల. పీర్ల పండుగ చివరి రోజున పెద్దపీరును తానే ఎత్తాలి. పెద్దపీరంటే పొడవాటి వెదురుకు ఎక్కించిన ఇత్తడి హస్తం. దాన్ని పట్టుకుని నిప్పుల గుండం చుట్టూ ఆడాలి, ఆపైన వాగు దాకా మోసుకుపోవాలి. ఆ పని వాళ్ల ఇంటిది. తాత మోశాడు, తండ్రి గంగారాం మోశాడు. కిందటేడు గంగారాం బండి మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు లింగం ఎత్తకపోతే ఆ మర్యాద గడప దాటి హనుమాండ్లు ఇంటికి పోతుంది. హనుమాండ్లు కామారెడ్డి స్టేషన్లో బస్తాలు దింపే మనిషి. మన లింగం పుట్టి బుద్ధెరిగాక ఎత్తిన పెద్ద బరువు కత్తెర.

"పండుగకు ఇంక దినాలున్నయి బేటా. నీతోని కాకుంటె ముందుగాల్నే చెప్పు" అన్నాడు పీర్లచావిడి బాగోగులు చూసుకునే ముజావరు, మర్యాదగానే.

లింగం నోరు తెరిచేలోగా గంగారాం అందుకున్నాడు. "వానితోని కాదు."

కన్నతండ్రి నలుగురిలో అంత మాట అనేసరికి లింగానికి ప్రాణం చివుక్కుమంది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

దట్టీల గుడ్డ కొనడానికి కామారెడ్డి పోయినప్పుడు సిగ్గు విడిచి, కుస్తీలు నేర్పే అక్కడి తాలింఖానాలో అడుగుపెట్టాడు. దట్టీలంటే మొక్కుకున్నవాళ్లు పీరుకు కట్టే రంగుగుడ్డలు. ఊరందరి దట్టీలూ కుట్టేది లింగమే. ఉస్తాదు అతని జబ్బ పట్టి చూసి, నవ్వు ఆపుకుని, మంచి మాటే చెప్పాడు.

"ఇక్కడికొస్తే పోరగాండ్లు నవ్వుతరు. ఇంట్లనే మొదలువెట్టు. ఒక్క చేతులే కాదు, కాళ్లు, నడుము, రొమ్ము, భుజాలు, అన్నీ కలిసి లేవాలె. కొద్దికొద్దిగ పెంచు. ఒకదినం చేస్తె ఒకదినం ఇడువు."

అన్నీ విన్నాడు గానీ, కొద్దికొద్దిగా అన్న మాట ఒక్కటి చెవికెక్కలేదు. మర్నాడు పొద్దున్నే పెరట్లో దండీలూ, గుంజీల్లాంటి బైఠకులూ ఒళ్లు తెలియకుండా తీశాడు. ఆ మరునాడు కుట్టుమిషను తొక్కబోతే కాలు కదిలితే ఒట్టు.

"కూసుంటె లేస్తలేవు, లేస్తె కూసుంటలేవు. గిదేం తాలీమయ్యా?" అని పెళ్లాం ఈరవ్వ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే ఆముదం కాచి పిక్కలకు రుద్దింది.

ఆ దెబ్బతో బుద్ధి వచ్చింది. కొట్టం గుంజ పట్టుకుని బైఠకులు తీశాడు. గోడకు చేతులానించి దండీలు తీశాడు, గోడ నుంచి అరుగుకు, అరుగు నుంచి నేలకు దిగాడు. మోకాళ్లు వంచి, వీపు వంచకుండా ఇసుర్రాయి ఎత్తడం నేర్చుకున్నాడు. ఇక అసలు సంగతి పీరు. ఇత్తడి హస్తం ఎంత ఉంటుంది? తన ఇస్త్రీపెట్టె అంత. పొడవాటి వెదురు చివర ఇస్త్రీపెట్టె కట్టి, దాన్ని ఎత్తిపట్టుకుని పెరట్లో తిరగసాగాడు. లెక్క సరిపోయిందని మనసులో తెగ మురిసిపోయాడు.

ఒకనాడు అలా నిలబడి ఉండగా ఈరవ్వ పిండిన చీర తెచ్చి, వెదురు కొన కిందికి వంచుకుని ఇస్త్రీపెట్టె పక్కన వేసి ముడేసింది.

"ఏందే గిది? నీ కంటికి నేను దండెం లెక్క కనవడుతున్ననా?"

"ఊకెనే నిలవడితివి గద. జర ఆరనియ్యి."

మర్నాడు చీరకు తోడు దుప్పటి వచ్చింది. ఆ తర్వాత గంగారాం ధోవతి. గాలి వీస్తే గుడ్డలు ఉబ్బి లింగాన్ని పెరడంతా ఈడ్చేవి, నీళ్లు నెత్తిన కారేవి. వాడు తిట్టుకుంటూ కాళ్లు ఎడం చేసి, మోకాళ్లు వంచి నిలదొక్కుకునేవాడు. గంగారాం మంచం మీద అటు తిరిగి చుట్ట కాల్చుకుంటూ పట్టనట్టే ఉండేవాడు. ఒక్కనాడూ బాగుందనలేదు, బాగాలేదనలేదు.

పండుగ చివరి రోజు రానే వచ్చింది. పీరును చేతికి ఇవ్వగానే లింగం సునాయాసంగా లేపాడు. ఇస్త్రీపెట్టె కంటే తేలికే! అప్పుడు మొదలయ్యాయి దట్టీలు. ఒకరి వెనక ఒకరు వచ్చి, పీరును కిందికి వంచుకుని కట్టిపోతున్నారు. ఎర్రవి, పచ్చవి, జరీ అంచువి, అన్నీ తాను కుట్టినవే. ఇన్ని దట్టీలు కుట్టిన మొనగాడికి, అవన్నీ చివరికి తన నెత్తికే వస్తాయన్న ఆలోచనే రాలేదు! గుండం చుట్టూ ఆట మొదలయ్యేసరికి గాలి లేచింది. పీరు ఒక పక్కకు ఒరిగింది. లింగం భుజాలు వణికాయి. హనుమాండ్లు తలపాగా బిగించి రెండడుగులు ముందుకు వచ్చాడు.

అంతలో దట్టీల కుచ్చు ఒకటి టపటపా వచ్చి లింగం మొహానికి కొట్టుకుంది. అచ్చం ఈరవ్వ చీర కొట్టుకున్నట్టే. ఆ దెబ్బ ఒంటికి అలవాటే. మనసు ఇంకా భయపడుతుండగానే కాళ్లు వాటంతట అవే ఎడమయ్యాయి, మోకాళ్లు వంగాయి, నడుము బిగిసింది. పీరు నిటారుగా లేచింది. జనం కేక పెట్టారు. హనుమాండ్లు అందరికంటే పెద్దగా పెట్టాడు.

వాగులో పీరును దింపాక లింగం చెమట తుడుచుకుంటూ పెళ్లాం దగ్గరికి వచ్చాడు. "నువ్వు బట్టలారేసుడే నన్ను కాపాడిందే."

"నాకేం ఎరుక? మామ చెప్పిండు. 'వాడు ఇస్త్రీపెట్టెనే లెక్కవెట్టిండు, దట్టీలు మర్చిండు. దినానికో బట్ట ఎక్కువెయ్యి, నా పేరు మాత్రం ఎత్తకు' అన్నడు."

లింగం గబుక్కున వెనక్కి తిరిగాడు. తండ్రి కోసం చుట్టూ చూశాడు. ఆయన అప్పటికే ఇంటిదారి పట్టాడు.

మర్నాడు పొద్దున లింగం ఇంకా పక్కమీద ఉండగానే పెరట్లో చప్పుడైంది. గంగారాం బాగున్న చేత్తో వెదురు ఈడ్చుకొచ్చాడు. భుజాన తడి ధోవతి ఉంది.

"నిన్న గుండంకాడ ఎడమకు ఒరిగినవ్. పై ఏడు గట్ల కావద్దు. పట్టు."

లింగం వెదురు ఎత్తిపట్టాడు. తండ్రి ఒంటిచేత్తోనే దాని కొన వంచుకుని ధోవతి వేసి, మడతలు సరిచేశాడు. ఇన్నాళ్లకు కొడుకు మొహంలోకి నేరుగా చూశాడు. లింగానికి కళ్లనీళ్లు ఆగలేదు, చేతులు ఖాళీ లేక తుడుచుకోనూలేదు.

"ఏడ్వకురా" అన్నాడు గంగారాం. "దండెం ఊగుతున్నది."