ఫారంలో రాయని జ్వరం

మార్గిత బుద్ధెరిగాక పోలీసులకు అబద్ధం చెప్పింది ఒక్కసారే. అది కూడా నోటితో కాదు, పెన్నుతో.

ఆమెకు అప్పటికి యాభై నాలుగేళ్ళు. తూర్పు స్లొవాకియాలో వాళ్ళ ఊరి ఆడవాళ్ళు చాలామందిలాగే ఆమె కూడా ఆస్ట్రియా వెళ్ళి ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండే పని చేసేది. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. కరోనా వచ్చిన ఏడాది మార్చిలో సరిహద్దులు మూసేసరికి, ఆమె బదులు పనిలోకి రావలసిన మనిషి రాలేకపోయింది. రెండు వారాలు కాస్తా ఏడయ్యాయి.

ఆమె చూసుకునేది ఆల్ఫోన్స్ అనే ఎనభై ఎనిమిదేళ్ళ పెద్దాయనను. మంచివాడు, స్నానానికి మాత్రం మొండికేసేవాడు. పగలు ఆయన కునుకు తీస్తున్నప్పుడు మార్గిత కిటికీ దగ్గర కూర్చుని ఫోన్లో ఊరి కబుర్లు వినేది. పక్క ఊరి హెలెనా కూడా ఇదే పని మీద వెళ్ళి, అక్కడి ఆసుపత్రిలోనే పోయిందట. మొగుడికి చివరిచూపు లేదు. బూడిద డబ్బాలో వచ్చిందట. అది విన్నప్పటి నుంచి మార్గితకు అన్నం సయించలేదు. ఎలాగైనా ఇంటికి పోవాలి, చస్తే మన నేల మీదే చావాలి అన్నదొక్కటే ఆలోచన.

ఏప్రిల్ రెండో వారంలో పెద్దాయన కూతురు గెర్లిండ సెలవు పెట్టి వచ్చింది. ఇక తను చూసుకుంటానని, గురువారం బయలుదేరమని చెప్పింది. బుధవారం సాయంత్రం మార్గిత పెద్దాయన చొక్కా మారుస్తుంటే ఒళ్ళు వెచ్చగా తగిలింది. థర్మామీటరు పెట్టి చూస్తే ముప్పై ఎనిమిది దాటి ఉంది. గెర్లిండ దాన్ని తీసుకుని చూసి, దులిపి, డబ్బాలో పెట్టేసింది. బాల్కనీలో కూర్చున్నందుకు చలి పట్టిందని, రేపటికి తగ్గిపోతుందని అంది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగి, ఈ సంగతి సరిహద్దులో చెప్పక్కర్లేదని, చెబితే అందరినీ ఎక్కడివాళ్ళను అక్కడే పెట్టి తాళం వేస్తారని గొంతు తగ్గించి చెప్పింది. మార్గిత తలూపింది.

సరిహద్దు దగ్గర మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్ల దూరం ఉండేలా గీతలు గీసి నిలబెట్టారు. తెల్ల ముసుగు తొడుక్కున్న ఒకతను నుదుటికి తుపాకీలాంటి యంత్రం గురిపెట్టాడు. ఆమెకు జ్వరం లేదు. పోలీసులు చేతికి ఒక ఫారం ఇచ్చారు. గత పద్నాలుగు రోజుల్లో జ్వరం, దగ్గు ఉన్నవాళ్ళతో దగ్గరగా మెలిగారా అని నాలుగో ప్రశ్న. దాని ఎదురుగా రెండు గడులు. వెనకవాళ్ళు ఎదురుచూస్తున్నారు. 'లేదు' అన్న గడిలో మార్గిత టిక్కు పెట్టింది. వెంటనే ఫారం తిరిగి ఇచ్చేసింది.

పాస్‌పోర్టులన్నీ ఒక సంచీలో వేసుకుని, వాళ్ళను బస్సెక్కించారు. ఎక్కడికని అడిగితే చెప్పరు. ప్రభుత్వ క్వారంటైన్‌కు, పరీక్ష ఫలితం వచ్చేదాకా అక్కడే అన్నది ఒక్కటే జవాబు. డ్రైవరుకూ జనానికీ నడుమ మందపాటి ప్లాస్టిక్ తెర కట్టారు. ముందొక పోలీసు కారు, వెనకొక కారు. ఊళ్ళలోంచి పోతుంటే మనుషులు కిటికీల్లోంచి ఈ బస్సును చూసి లోపలికి జరిగారు. దొంగలను తీసుకుపోతున్నట్టుంది అని వెనక ఎవరో ఏడ్చారు. మార్గిత ఊపిరి కూడా లెక్కపెట్టుకుంటూ పీల్చింది.

మూడు గంటల తర్వాత కొండల్లో, ఒకప్పుడు ఫ్యాక్టరీ కార్మికులు సెలవులకు వచ్చే పాత విడిది ముందు దింపారు. గదికి ఇద్దరు. తనకు ఒంటరి గది కావాలని మార్గిత అడిగింది. నిద్రలో గురక పెడతానని సాకు చెప్పింది. "ఇదేం హోటలు కాదమ్మా," అన్నాడు జాబితా పట్టుకున్న సైనికుడు. ఆమె పేరు పక్కన ఇంకో పేరు రాసి తాళంచెవి ఇచ్చాడు.

ఆ ఇంకో పేరు రెనాటా. ఇరవై ఏడేళ్ళ పిల్ల. వియన్నాలో హోటల్ గదులు శుభ్రం చేసేది, హోటల్ మూతపడి ఇంటికొస్తోంది. కోటు విప్పగానే మార్గితకు కనబడింది. ఆరో నెల కడుపు.

మంచానికీ మంచానికీ మధ్య ఒక్క అడుగు. స్నానాల గది ఒకటే, కుళాయి ఒకటే, నీళ్ళు కాచుకునే కెటిల్ ఒకటే. గది దాటి నడవాలోకి పోకూడదు. రోజుకు మూడుసార్లు తలుపు తట్టి, భోజనం గుమ్మం ముందు పెట్టిపోతారు.

మార్గిత మూతికి కట్టుకున్న గుడ్డ తియ్యలేదు. పడుకున్నా తియ్యలేదు. పొద్దస్తమానం దుప్పటి కప్పుకుని, ఆ చలిలో బాల్కనీలో కూర్చునేది. సూపు గిన్నె కూడా అక్కడికే తెచ్చుకునేది. రెనాటా కలుపుగోలు పిల్ల. పుట్టబోయేవాడి గురించి, కార్ల ఫ్యాక్టరీలో పనిపోతుందని బెంగపెట్టుకున్న మొగుడు మరేక్ గురించి గాజుతలుపు సందులోంచే చెప్పుకుపోయేది. రెండోరోజు ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"నాకేమైనా కొమ్ములున్నాయా పిన్నీ? వియన్నా నుంచి వచ్చాను కదా, నా దగ్గర రోగం ఉందనా?"

"అది కాదమ్మా. నాకు గాలి ఆడకపోతే తోచదు."

"ఇంత గాలా? మంచుబొమ్మవైపోతావు. లోపలికి రా, నేనేం కొరకను."

మార్గిత నవ్వబోయింది, నవ్వు రాలేదు. రోజులో వంద సార్లు తన నుదురు తానే తాకి చూసుకునేది. తనకు అంటలేదులే అనుకునేది, మరుక్షణం అంటే ఉంటుందనుకునేది. పెద్దాయనకు అది మామూలు జలుబే అయ్యుంటుందని తనకు తాను నచ్చజెప్పుకునేది.

మూడోరోజు పరీక్షకు ఇద్దరి ముక్కుల్లోనూ పుల్ల పెట్టి నమూనా తీసుకుపోయారు. ఫలితానికి రెండు రోజులన్నారు. మర్నాడు ఉదయం ఫలహారంతో పాటు తలొక నారింజ ఇచ్చారు. రెనాటా మంచం మీద కూర్చుని నారింజ వలుస్తూ, గదంతా పండగ వాసనేస్తోందని మురిసిపోయింది. బాల్కనీలో మార్గిత తన పండు వలిచింది. తొక్క ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. గోటితో గీరి, రసం వేళ్ళకు రాసుకుని మళ్ళీ చూసింది. కాగితాన్ని వాసన చూసినట్టుంది. లోపలికి పరుగెత్తి సబ్బు అందుకుని వాసన చూసింది. ఏమీ లేదు. రోగం సోకితే వాసన తెలియదని ఊరి కబుర్లలో విన్నది గుర్తొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. గెర్లిండ. తండ్రిని రాత్రి ఆసుపత్రికి తీసుకుపోయారని, ఆ రోగమే అన్నారని ఏడుస్తూ చెప్పింది. ఏడుపు మధ్యలోనే, నువ్వు అక్కడ ఏమీ చెప్పలేదు కదా అని అడిగింది. మార్గిత ఫోన్ పెట్టేసింది.

రెనాటా ఆమె ముఖం చూసి లేచి దగ్గరకు రాబోయింది. మార్గిత చెయ్యి అడ్డుపెట్టింది.

"రావద్దు. అక్కడే ఉండు. నేను చూసుకునే పెద్దాయనకు ఆ రోగమే అట. నేను బయలుదేరేనాటికే ఆయనకు జ్వరం. నాకు తెలుసు."

"తెలిసి?"

"తెలిసే, ఫారంలో లేదని రాశాను."

రెనాటా వెనక్కి వెనక్కి నడిచి గోడకు ఆనుకుంది. రెండు చేతులూ పొట్ట మీదికి వెళ్ళాయి.  

మార్గిత కింది కార్యాలయానికి తానే ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది. ముందు ఆ పిల్లను గదిలోంచి తీసుకుపొమ్మని బతిమాలింది. గది ఖాళీ చేయించాలి, డాక్టరుతో మాట్లాడాలి, కొన్ని గంటలు పడుతుంది, ఇద్దరూ బయటికి రావద్దు అన్నారు అవతల. మార్గిత బాల్కనీలోకి పోయి, గాజుతలుపు బయటి నుంచి లాగి మూసింది. సన్నగా వాన మొదలైంది.

గంటసేపు రెనాటా వీపు తిప్పి కూర్చుంది. తర్వాత గాజు దగ్గరకు వచ్చి, వినబడేలా గట్టిగా అడగడం మొదలుపెట్టింది.

"ఏమేం ముట్టుకున్నావో చెప్పు. అన్నీ."

మార్గిత చెప్పింది. కుళాయి. తలుపు పిడి. దీపం మీట. కెటిల్ రోజుకు రెండుసార్లు, కాని చేతికి గుడ్డ చుట్టుకుని.

"నా కప్పు?"

"లేదు. ఒట్టు."

"నా తువ్వాలు?"

"లేదు."

"ఇంకా?"

మార్గిత ఆగింది. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. ఒక్కసారి దాచింది చాలు అనిపించింది.

"మొదటిరోజు మధ్యాహ్నం నువ్వు దుప్పటి కప్పుకోకుండానే నిద్రపోయావు. చలికి ముడుచుకుపోయి ఉన్నావు. దుప్పటి కప్పాను. మెడ దాకా లాగి, అంచులు కింద మడిచాను."

రెనాటా వెనక్కి తిరిగి మంచం మీది దుప్పటిని చూసింది. కాలితో దాన్ని నేల మీదికి, అక్కడి నుంచి మూలకు తోసింది. స్నానాల గదిలోకి పోయింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు ఆగలేదు. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతులు, మెడ ఎర్రగా కంది ఉన్నాయి. గాజుతలుపుకు తెర వేసేసింది. ఆ తర్వాత మార్గితకు గాజులో తన ముఖం తప్ప మరేమీ కనబడలేదు.

సాయంత్రానికి మనుషులు వచ్చి రెనాటాను తీసుకుపోయారు. పోతున్నట్టు అడుగుల చప్పుడు మాత్రం వినబడింది.

మర్నాడు వచ్చిన ఫలితంలో మార్గితకు రోగం ఉందని తేలింది. ఆ రోజే అంబులెన్సులో జిల్లా ఆసుపత్రికి మార్చారు. తొమ్మిది రోజుల జ్వరం. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది. తన చావు గురించి అంత భయపడ్డ మనిషి, ఆ తొమ్మిది రోజుల్లో దాని గురించి పెద్దగా తలచుకోలేదు. వచ్చిన ప్రతి నర్సునూ రెనాటా అనే అమ్మాయి ఎలా ఉందని అడిగింది. వేరేవాళ్ళ సంగతులు చెప్పకూడదని అందరూ ఒకే మాట అన్నారు. పదకొండోరోజు ఆల్ఫోన్స్ పోయాడని గెర్లిండ రెండు ముక్కల్లో సందేశం పెట్టింది.

కోలుకుంటుండగా వాంగ్మూలం తీసుకోవడానికి ఒక పోలీసావిడ వచ్చి, మంచానికి దూరంగా నిలబడి రాసుకుంది. చేసింది నేరమేనని, విచారణకు పిలుస్తారని చెప్పింది. మార్గిత అన్నిటికీ ఒప్పుకుని, చివర్లో అదే ప్రశ్న అడిగింది. పోలీసావిడ కాగితాలు సర్దుకుంది.

"నేను చెప్పలేదనుకో. రెండుసార్లు చూశారు, ఏమీ లేదు. మొన్న ఇంటికెళ్ళిపోయింది."

మార్గిత గోడ వైపు తిరిగి, ఊపిరితిత్తులు నొప్పెట్టేలా ఏడ్చింది.

మే నెలలో ఇంటికి చేరింది. మొగుడు ష్టెఫాన్ గేటు దగ్గరే నిలబడి, ముట్టుకోవచ్చునా అని అడిగాడు. ఇరుగుపొరుగు రోడ్డుకు అటువైపు నుంచి నడిచారు. మార్గిత మళ్ళీ ఆస్ట్రియా వెళ్ళలేదు. ఎవరైనా పిల్లలను ఎత్తుకోమని ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకునేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు వెంటనే గుర్తుపట్టింది. ఊరి కార్యాలయంలో అడిగి నంబరు తీసుకున్నానంది రెనాటా. కొడుకు, మూడు కిలోల పైనే, బాగున్నాడంది.

"క్షమించానని చెప్పడానికి చెయ్యలేదు పిన్నీ. అది నా వల్ల కాదు. నువ్వింకా భయపడుతూ ఉంటావేమోనని చేశాను."

 మార్గిత అవునంది. అవతల పిల్లాడు గుక్కపట్టాడు. ఉంటానంటూ రెనాటా ఫోన్ పెట్టేసింది.

వాడికి పేరేం పెట్టారో అడగలేదని మార్గితకు తర్వాత గుర్తొచ్చింది. నంబరు ఫోన్లోనే ఉంది. చాలాసార్లు బయటికి తీసి చూసుకుంది. చెయ్యడానికి మాత్రం ధైర్యం చాలలేదు.