పదకొండు గంటల నీళ్లు

దిమ్మెల మీద నిలిపిన రేకు పెట్టె అడుగున మరోసారి చెయ్యి పెట్టి తడిమాడు తిరుమల్. పొడిగానే ఉంది. లోపల అంచుదాకా నీళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి నింపాడు, మధ్యాహ్నం మూడు కావస్తోంది.

"ఏందిరా, చాపలు పెంచుతున్నవా?" పై చెక్కకు చిత్రిక పడుతూ అన్నాడు సోమయ్య.

"నోరు మూయ్. గుబులైతాంది నాకు."

బోయిగూడలోని ఆ షెడ్డులో, విమానమెక్కే శవపేటికలకు లోపలి రేకు అతికేది తిరుమలే. చదివింది ఐదో తరగతి, అతికింది ఇరవయ్యారేళ్లు. వేలికొసలు కాలి కాలి గీతలు చెరిగిపోయాయి. కారకుండా నిలిచిన అతుకు మాటు గురించి ఎవడూ మాట్లాడడు. పోయినేడు ఒక్క పెట్టె దారిలో కారింది, దాని గురించి అందరూ మాట్లాడారు. అప్పటినుంచి మాటు వేసే కడ్డీ ఎర్రబడితే చాలు, చెయ్యి వణుకుతుంది.

ఎన్ని గంటల ప్రయాణమో అన్ని గంటలు నీళ్లు నిలవాలని పని నేర్పిన ఉస్తాద్ చెప్పిన కట్టుబాటు. టికెట్టు కాగితంలో మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కడం, మధ్యాహ్నం మూడింటికి టొరంటోలో దిగడం. వేళ్ల మీద లెక్కపెట్టాడు. పదకొండు. మూడు కొట్టగానే నీళ్లు వంపేసి, తడి తుడిచాడు.

వ్యాను వచ్చింది. అందులో ఐసు మీద రోసమ్మ శవం. టొరంటో నుంచి చెల్లెలిని చూసిపోదామని వచ్చి, నిద్రలోనే పోయింది. మంచం పట్టిన భర్త అక్కడ ఎదురుచూస్తున్నాడు. వెంట వచ్చింది చెల్లెలి కూతురు జెనిఫర్.

"పదకొండు గంటలే గదా బిడ్డా, ఫికర్ జెయ్యకు."

"పదకొండేంది అంకుల్? పన్నెండు వేల కిలోమీటర్ల పైన. మధ్యల ఇంకో విమానం మారాలె. ఇరవై గంటలు దాటుతది. అక్కడి టైము మనకంటె తొమ్మిదిన్నర గంటలు వెనక గద."

తిరుమల్ మళ్లీ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"పెట్టె ఎన్నింటికి ఇయ్యాలె?"

"ఇయ్యాల సాయంత్రం ఆరింటికల్లా ఎయిర్‌పోర్టుల ఉండాలె."

మళ్లీ ఇరవై గంటలు నీళ్లు నిలిపి చూసే వ్యవధి లేదు. ఆ సంగతి జెనిఫర్‌కు చెప్పకుండా కడ్డీ కాచాడు. పెట్టెను బోర్లించి, ప్రతి అతుకు మీదా రెండో మాటు వేయడం మొదలుపెట్టాడు. కుడి మణికట్టును ఎడమ చేత్తో అదిమి పట్టుకున్నా కడ్డీ గజగజలాడింది. సోమయ్య ఈసారి ఎగతాళి చేయలేదు. వచ్చి పెట్టెను కదలకుండా పట్టుకున్నాడు.

వ్యానులోంచి ఒక తెల్ల దుప్పటి తెచ్చి బల్ల మీద పరిచింది జెనిఫర్. దాని మీద పెట్టె పెట్టి, రోసమ్మను పడుకోబెట్టారు. తిరుమల్ మూత అతికాడు. ఇద్దరూ ఎత్తి చెక్కపేటికలో దించారు.

"ఆగుతదా అంకుల్? మా పెద్దనాయినకు ఆమె మొఖం మంచిగ చూపియ్యాలె."

"ఆగుతది బిడ్డా."

ఆ మాట తన గొంతులోంచే వచ్చిందా అనిపించింది. పేటికతో వ్యాను మలుపు తిరిగి, హారన్ల మోతలో కలిసిపోయింది.

"లోపలికి రా, చాయ్ తాగుదాం," అన్నాడు సోమయ్య. తిరుమల్ కదల్లేదు. సోమయ్య అతని చూపు వెంట చూసి, గొంతు తగ్గించాడు.

"పండబెట్టేటప్పుడు కారిన ఐసు నీళ్లయి ఉంటయిరా."

ఖాళీ బల్ల మీది తెల్ల దుప్పటిపై, పెట్టె మూల ఆనిన చోట, అరచేయంత తడి.